ఒకటికి ఒకటి

నటేశన్ నగర్‌లో యోగానంద్ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళెవరైనా హాల్లో గాజు బీరువా ముందు ఓ నిమిషం ఆగిపోతారు. నాలుగు అరలు, నాలుగు వందల పన్నెండు బొమ్మలు. ఒక్కోటి బొటనవేలంత ఉంటుంది. పోలీసు, వంటవాడు, పళ్ళూడిన ముసలమ్మ, గిటారు పట్టుకున్న అస్థిపంజరం. మినీఫిగర్లు అంటారు వాటిని. తల, నడుము, కాళ్ళు దేనికది ఊడి వస్తాయి. మళ్ళీ బిగిస్తే 'టిక్'మని కూర్చుంటాయి.

నలభై రెండేళ్ళ మనిషి, ప్రభుత్వాఫీసులో గుమాస్తా, ఆదివారం వస్తే చాలు బకెట్లో సబ్బునీళ్ళు పెట్టుకుని, మెత్తటి టూత్‌బ్రష్‌తో వీటికి స్నానాలు చేయిస్తూ కూర్చుంటే చూసినవాళ్ళు నవ్వక ఏం చేస్తారు? పిచ్చి ముదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట వెనకటికొకడు. భార్య అనుప్రియ అయితే చుట్టాల ముందే అనేసేది: "మా ఆయనకు నేను నాలుగు వందల పదమూడోదాన్ని." యోగానంద్ కూడా నవ్వేవాడు. ఎవరి పిచ్చి వారికానందం.

ఒక్క విషయంలో మాత్రం అతనికి గర్వం ఉండేది. డూప్లికేటు బొమ్మను చూడగానే పట్టేసేవాడు. అసలు బొమ్మకు అరికాలి కింద కంటికి ఆనీ ఆనని అచ్చు ముద్ర ఉంటుంది, నకిలీకి ఉండదు. అయితే అతనికి కాలు తిప్పి చూడాల్సిన పని కూడా పెద్దగా పడేది కాదు. ఆ విద్య నేర్పినవాడు వెట్రివేల్.

వెట్రివేల్‌ది సముద్రం ఒడ్డున జాలర్ల పేట, కురుచికుప్పం. పడవ ఇంజన్లు బాగు చేసేవాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ డీజిల్ మసి. ఆదివారం సంతలో పాత ఆటవస్తువుల గుట్ట దగ్గర ఇద్దరి చేతులూ ఒకే బొమ్మ మీద పడ్డాయి, అట్లా మొదలైంది స్నేహం. ఎనిమిదేళ్ళపాటు నెలకోసారి వైట్ టౌన్‌లో సముద్రం గట్టు మీద కూర్చుని బొమ్మలు మార్చుకున్నారు. ఇతను తెలుగులో అడిగితే అతను తమిళంలో బదులిచ్చేవాడు. మార్పిడికి ఒకటే కట్టుబాటు, ఒకటికి ఒకటి. ఇచ్చినవాడు తీసుకోవాలి, ఖాళీ చేత్తో లేవకూడదు. అసలుకు అసలే ఇవ్వాలి.

వెట్రివేల్ దగ్గర ఇత్తడి రంగు గుండ్రటి టోపీలో తల దాచుకున్న గజ ఈతగాడి బొమ్మ ఒకటి ఉండేది. దాన్ని చూసిన ప్రతిసారీ యోగానంద్‌కు నోరూరేది. పది ఇస్తానన్నాడు, ఇరవై ఇస్తానన్నాడు.

"ఒకటికి ఒకటి, తంబీ," అనేవాడు వెట్రివేల్ నవ్వుతూ. "దీనికి సరితూగేది నీ బీరువాలో లేదు."

దీపావళి వెళ్ళిన వారానికి వెట్రివేల్ కామెర్లతో పోయాడు. పోయినవాడికి ఇష్టమైన వస్తువు చేతిలో పెట్టి పూడ్చడం వాళ్ళింటి ఆనవాయితీ. తాతకు వల అల్లే సూది పెట్టారట. వెట్రివేల్ తనకు గజ ఈతగాణ్ణి పెట్టమన్నాడు. అతని భార్య రాసాత్తి ఆ బొమ్మను చీర కొంగులోంచి తీసి యోగానంద్ చేతిలో పెట్టింది.

"మీరే పెట్టండన్నా," అంది. "ఆయన ఇంకేమీ అడగలేదు. ఇది ఒక్కటే."

యోగానంద్ ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇంత మంచి బొమ్మ మట్టిలో పడి పోవాలా? నెట్‌లో తెప్పించుకున్న దాని డూప్లికేటు ఇంట్లో ఉంది. నోరు మాత్రం ఎంతో సాధువుగా, "దుమ్ము పట్టిందమ్మా, కడిగి తెస్తాను," అంది. స్కూటర్ మీద పోయి వచ్చాడు. బిగుసుకుపోయిన పిడికిలిని విప్పి డూప్లికేటు దూర్చాడు. ఎవరూ చూడలేదు. అక్కడ అసలేదో నకిలీ ఏదో తెలిసినవాడు ఇంకొక్కడే, అతను కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

అసలు బొమ్మను బీరువాలో పెట్టే ధైర్యం లేక బల్ల సొరుగులో కాగితాల కింద దాచాడు.

ఆ ఆదివారమే మొదలైంది. స్నానం చేయిస్తుండగా పోలీసు బొమ్మ చేతికి ఎందుకో తేలిగ్గా తగిలింది. కాలు తిప్పి చూశాడు. నున్నగా ఉంది. పక్కనున్న వంటవాడిదీ నున్నగానే ఉంది. పై అర మొత్తం చూశాడు. సగం బొమ్మలకు ముద్ర లేదు. బీరువాకు తాళం ఉంది, తాళంచెవి అతని మొలతాడుకు ఉంది.

మర్నాడు పొద్దునకు పై అర మొత్తం నకిలీలైపోయింది. ఆ తర్వాత రెండో అర. తలుపు తెరిచినప్పుడల్లా డీజిల్ వాసన, దాని వెనకే ఉప్పు నీటి వాసన గుప్పుమనేవి.

"ఏంది, ఎప్పుడు జూసినా వాటి కాళ్ళే జూస్తా ఉండారు?" అంది అనుప్రియ.

"మారిపోయినాయి."

"యాడ మారినాయి? అట్లే ఉండాయి గదా."

ఆమె కళ్ళకు అట్లాగే ఉన్నాయి మరి. ఈ శిక్ష అతనొక్కడికే అర్థమయ్యేట్టు వేశారు. ఎవరు వేశారో, ఎందుకు వేశారో అతనికి తెలుసు. గజ ఈతగాణ్ణి తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందనీ తెలుసు. అయినా ఇవ్వలేదు. రాత్రిపూట సొరుగు లాగి, ఇది ఒక్కటైనా అసలుది ఉంది కదా అని తడుముకుని పడుకునేవాడు. ఆశ అంత చెడ్డది.

పదహారో రోజు పొద్దున లేచేసరికి మూడు అరలు పూర్తిగా మారిపోయి, నాలుగో అరలో మూడంటే మూడు అసలువి మిగిలాయి. కూతురి ఏడో పుట్టినరోజుకు తనే తలలూ జుట్టూ ఏరి కూర్చిన బొమ్మలవి. కళ్ళద్దాలతో తను, ముడితో అనుప్రియ, రెండు జడలతో అభినయ. మూడింటికీ ముద్ర ఉంది. హమ్మయ్య అనుకుని తలుపు మూయబోతూ చూశాడు. గాజు మీద లోపలివైపు, సరిగ్గా జడల బొమ్మ ఎదురుగా, నల్లటి వేలిముద్ర. తుడిచాడు. వేలికి డీజిల్ మసి అంటింది.

దీనికి సరితూగేది నీ బీరువాలో లేదు.

యోగానంద్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. బొమ్మలు కాదు వాడికి కావలసింది. అభినయ అప్పటికే బడికి వెళ్ళిపోయింది.

ఆఫీసుకైతే వెళ్ళాడు గానీ కాలు నిలవలేదు. తుఫాను వస్తోందని మధ్యాహ్నానికే అందర్నీ పంపేస్తున్నారు. ఇంటికి పోయి సొరుగులోంచి బొమ్మ తీసుకుని కురుచికుప్పం దారి పట్టాడు. మూడు గంటలకే దీపాలు పెట్టే వేళలా చీకటి కమ్మింది. సముద్రం ఒడ్డున శ్మశానంలో పురుగు కూడా లేదు. వెట్రివేల్‌ను పూడ్చిన దిబ్బ మీద దండలు కుళ్ళి తడి వాసన వేస్తున్నాయి. వాన సూదుల్లా గుచ్చుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తవ్వాడు. మోచేయి లోతు తవ్వాడు.

"తప్పయిపోయింది వెట్రీ," అన్నాడు. "నీది నువ్వు తీసుకో. పాప జోలికి రావద్దు."

బొమ్మను గుంటలోకి దించాడు.

ఇసుక కదిలింది... అడుగునుంచి ఏదో అతని వేళ్ళను తడిమింది. ఒక్కో వేలినీ, నెమ్మదిగా... తర్వాత బొమ్మను లాగేసుకుంది.

టిక్.

యోగానంద్ వెనక్కి పడ్డాడు. లేచేసరికి దిబ్బ మీద, ఇందాక ఏమీ లేని చోట, వానలో చిన్న బొమ్మ ఒకటి నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళ అలవాటు. ఒకటి ఇస్తే ఒకటి తీసుకోవాలి, ఖాళీ చేత్తో లేవకూడదు. కళ్ళల్లోకి నీళ్ళు కారుతుండగా చెయ్యి దానంతటదే పోయింది, బొమ్మను తీసి జేబులో వేసుకుంది. తను పిడికిట్లో పెట్టిన డూప్లికేటునే వెట్రివేల్ విసిరికొట్టాడనుకున్నాడు. అదే మంచిదనిపించింది.

స్కూటర్ దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో అనుప్రియ మెసేజ్ ఉంది. ఆఫీసులో ఇరుక్కుపోయాను, పాపను మీరు తీసుకుపొండి అని.

బడి దగ్గర గేటు తెరిచే ఉంది. వాచ్‌మన్ లేడు. రేకుల చూరు కింద అభినయ ఒక్కతే బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది. పరుగెత్తిపోయి గుండెలకు హత్తుకున్నాడు. ఏడ్చేశాడు. పిల్ల స్కూటర్ వెనక కూర్చుని నడుము చుట్టూ చేతులు వేసింది. చొక్కాలోంచి కూడా ఆ చేతులు చల్లగా తగిలాయి. వానలో నిలబడింది కదా అనుకున్నాడు.

దారిలో ఒక్కసారి చెవి దగ్గరికి వచ్చి అడిగింది.

"ఇచ్చేసినావా నాన్నా?"

"ఏంది పాపా?"

"ఏం లేదు."

ఇంట్లో కరెంటు లేదు. తలుపు గడియ పెట్టి, పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలు ఇచ్చాడు. టార్చి వేసుకుని బీరువా తెరిచాడు. పోలీసు కాలు తిప్పాడు. ముద్ర ఉంది. వంటవాడికి ఉంది. ముసలమ్మకు ఉంది. ఒక్కోటీ తీసి చూశాడు. అన్నీ తిరిగి వచ్చేశాయి. వెట్రివేల్ మాట మీద నిలబడే మనిషి, బతికినా చచ్చినా అంతే అనుకుని బీరువాకు దండం పెట్టాడు.

నాలుగో అరకు వచ్చాడు. కళ్ళద్దాల బొమ్మ ఉంది. ముడి బొమ్మ ఉంది.

మూడోది లేదు.

జేబులో చెయ్యి పెట్టాడు. ఇసుక... ఇసుకలో బొమ్మ. బయటికి తీశాడు. ఇత్తడి టోపీ లేదు. రెండు జడలు ఉన్నాయి.

కాలు తిప్పి టార్చి వేశాడు.

నున్నగా ఉంది.

మార్పిడి అయిపోయింది. తన చేత్తో తనే తీసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడ్డానికి మెడ రాలేదు. హాల్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు లేదు, తువ్వాలు కదిలిన చప్పుడు లేదు, ఊపిరి చప్పుడు కూడా...

తలుపు దబదబా కొట్టారు.

"ఏమండీ! తలుపు తియ్యండి. పాప తడిసిపోతా ఉంది." అనుప్రియ గొంతు.

యోగానంద్ తలుపు దగ్గరికి వెళ్ళాడు. "ఏ పాప?"

"ఏ పాపేంది? మన పాపే. నన్ను ముందే వదిలేస్తే నేనే బడికి పోయి పిలుచుకొస్తి. మీకెన్ని సార్లు ఫోన్ చేసినా తగల్లా. తియ్యండి తొందరగా."

"నాన్నా, చలేస్తా ఉంది," అంది బయట అభినయ.

లోపల కుర్చీలో పిల్ల లేదు. అతని పక్కనే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. టార్చి వెలుగు మొహం మీద పడింది. చెవి తమ్మె మీద పుట్టుమచ్చ ఉంది. మోకాలి మీద స్కూటర్ సైలెన్సర్ కాలిన మచ్చ ఉంది. ముందు పన్ను కొంచెం విరిగి ఉంది. చూడగానే పట్టేసే మనిషి చూశాడు, మళ్ళీ చూశాడు, ఎక్కడా తేడా దొరకలేదు. కన్నతండ్రికి దొరకలేదు. దుఃఖం పొంగుకొచ్చింది.

"ఎవురు నువ్వు?" అని గుసగుసగా అడిగాడు.

"అభినయను నాన్నా."

"బయట?"

పిల్ల తలుపు వైపు చూసింది.

"తలుపు తియ్యి, నేనేమీ అనను," అంది మెల్లగా. "ఐతే ఇద్దరిలో ఒకరినే ఉంచుకోవాల. రెండోదాన్ని ఇసుకలో ఉండే ఆ మామకు ఇచ్చెయ్యాల. ఏదని నువ్వే చెప్పాల."

"ఏం చేస్తా ఉండారు లోపల?" బయట అనుప్రియ గొంతు బొంగురుపోయింది. "పిల్ల వణికిపోతా ఉందండీ."

యోగానంద్ గడియ మీద చెయ్యి పెట్టాడు. తియ్యలేదు, వదల్లేదు. వాన జోరు పెరిగింది. చెవి తలుపుకు ఆనించి కూతురి చప్పుడు కోసం విన్నాడు.

బయట అభినయ దగ్గింది. సరిగ్గా ఆ క్షణానికే, అంతే మెల్లగా, అతని పక్కనున్న పిల్లా దగ్గింది.