చెవికి రింగున్న ఎలుక

పేరేమో పరశురాం. చిట్టెలుక కనిపిస్తే చాలు, ఆటో సీటెక్కి నిలబడతాడు.

రామన్నపేట వరి పొలాల్లో ఎలుకల మీద రీసెర్చ్ చేసే భాగ్యశ్రీకి సరిగ్గా ఆ ఆటోనే దొరికింది. మొదటిరోజే వెనక సీట్లోని బోను కిచకిచమనగానే, నడుస్తున్న ఆటోలోంచి దూకేశాడు మహానుభావుడు. ఆటో పోయి కందిచేనులో ఆగింది.

"పిచ్చా నీకు? లోపల నేనున్న!" అని అరిచింది ఆమె.

"అది గూడ లోపల్నే ఉన్నది గద మేడమ్!"

అయినా రోజూ తెల్లారగానే వచ్చేవాడు. గట్టు మీద దూరంగా నిలబడి వణికేవాడు. అడిగితే చలి అనేవాడు. ఆమె నవ్వుకుంటూ, బోనులో పడ్డ ఎలుక చెవికి గుర్తుగా చిన్న రింగు వేసి వదిలేసేది.

"మన దగ్గర వరి పొట్టకొస్తే ఇవి పెరుగుతయ్, ఎండకాలం తగ్గుతయ్. లదాఖ్‌ల లెక్కే వేరు. ఆడివి చలికాలమంత మంచు కిందనే బతుకుతయ్. మంచు మంచిగ పడితే దుప్పటి కప్పినట్టే. నడుమ కరిగి గడ్డకట్టిందనుకో, గడ్డి అందక చస్తయ్. ఎన్ని మిగిలినయో మంచు కరిగినంకనే తెలుస్తది" అంది ఒకరోజు. ఆగి, "అది చూడనీకే పోతున్న. చలికాలమంత ఆడనే" అంది.

పరశురాంకు ఎలుకల భయం ఆ క్షణమే రెండో స్థానానికి పడిపోయింది.

ఆఖరి రోజు బోనులో రింగున్న ఎలుకే మళ్లీ పడింది.

"పట్టుకుంటరని తెల్సి గూడ ఎందుకొస్తది మేడమ్?"

"కొన్ని గంతే. బోనుల పెట్టే పల్లీల కోసం భయపడుకుంటనే వస్తయ్."

పరశురాం గట్టు దిగాడు. దగ్గరికొచ్చి బోను రెండు చేతులతో ఎత్తాడు. వణికేది ఎలుకో అతనో తెలియలేదు.

"నేను గూడ గంతే. ఎలుకంటే పానం పోతది. అయినా రోజూ వచ్చిన. పల్లీల కోసమైతే కాదు."

ఆమె నవ్వలేదు. కళ్లు నీళ్లతో నిండాయి.

"నాకు గూడ భయమైతాంది పరశురాం. గంత మంచు ఎన్నడు చూడలే. ఒక్కదాన్నే. బాపుకు చెప్తే ఆపుతడని చెప్పలే. నువ్వన్న పోవద్దను, ఆగిపోత."

పోవద్దు. ఆ ఒక్క మాట నాలుక చివర నిలిచింది. ఆ మాటంటే ఆమె తనకు దక్కుతుంది. అనకపోతే మంచులో ఏమవుతుందో!

"పోయిరా" అన్నాడు చివరికి. "మంచు కరిగినంక వచ్చి చూసుకో. నీ లెక్కల నేను మిగిలే ఉంట."

"మేడమ్ అనుడు ఎటుపోయింది?" అంది ఆమె.

"భయంల పడిపోయింది."

ఆమె ఏడుస్తూనే నవ్వి, బోను తలుపు తెరిచింది. ఎలుక అతని పాదం మీదుగానే ఉరికింది. పరశురాం ఈసారి ఆటో వైపు దూకలేదు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అది పోయింది. ఇగ వదులు."

"ఇంకా భయమైతాంది."

"నాకు గూడ" అంది భాగ్యశ్రీ. చెయ్యి మాత్రం తీసుకోలేదు.