తాత ఎడమ చెయ్యి

జూలై పద్దెనిమిది, శుక్రవారం. ఆ మధ్యాహ్నం బడిలో అన్నం, సాంబారు, ఉడికించిన గుడ్డు పెట్టారు. ఏడో తరగతి పావని గుడ్డు తిని, అన్నం సగం వదిలేసింది. భోజనం తర్వాత స్మార్ట్ టీవీ మీద తన వీడియో వేస్తామని పద్మజ టీచర్ చెప్పి ఉన్నారు.

వీడియో ఒకటిన్నర నిమిషాలు. ఒక తాత పలకరాయిని చీలుస్తుంటాడు. సుత్తి దెబ్బ టక్కుమంటుంది. వెంటనే మేక మెడలో గంట. మళ్లీ టక్. రొట్టె తట్టే చప్పుడు. టక్, టక్. రైలు. అన్నీ కలిసి పాటలా వినిపించాయి. మధ్యలో తాత ఖళ్లున దగ్గాడు. ఆ దగ్గు సరిగ్గా తాళంలో పడింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది.

చివర్లో 'తయారీ: పావని' అని వచ్చింది.

"బాగుంది. సోమవారం బడుల వీడియో పోటీకి పంపిద్దాం," అన్నారు టీచర్.

ముబాషిరా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆ తాత చాంద్ బాషా, ఆమె తాతే. మెట్ల దగ్గర పావనిని ఆపింది.

"సుత్తి వీడియో ముక్కలన్నీ నావి. నా ఛానల్‌లోవి."

"యూట్యూబ్‌లో పెట్టినావు గదా. అందరూ చూసేదే."

"చూడమనే పెట్టినా. మూలన నా పేరు రాసి పెట్టినా. అదేమాయె?"

"నీ వీడియో చూసింది పదకొండు మంది. నేను కలిపినాకనే అందరూ నవ్వినారు."

ఇద్దరిదీ ఒకే వీధి. ఆ రోజు మాత్రం వేరువేరుగా నడిచారు.

సాయంత్రం పావని నాయన హరికృష్ణ ఆటో ఆపి ఇంటికి వచ్చాడు. వీడియో చూసి మురిసిపోయాడు. "బాషా మామకు చూపిద్దాం పా," అన్నాడు. పావని వద్దంది. ఆయన అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

చాంద్ బాషా తన ఇంట్లో మంచం మీద కూర్చుని, ఫోనులో ఆ వీడియో రెండుసార్లు చూశాడు.

"చెవి ఉంది హరీ, నీ కూతురికి," అన్నాడు. మళ్లీ ఫోను దగ్గరికి పెట్టుకున్నాడు. "అయితే ఏంది, నా ఎడమ చెయ్యి లేదే?"

తెరలో సుత్తి దిగుతుంది. తెర అంచు దాటి పోతుంది. రాయి చీలుతుంది. ఉలి లేదు, ఉలి పట్టుకున్న చెయ్యి లేదు.

"కుడి చెయ్యి కొట్టేదే పాపా. ఎంత మందం తియ్యాల్నో ఎడమ చెయ్యికే తెలిసేది. అది లేకుంటే పలక యాడిది? పెంకులే."

గడప దగ్గర ముబాషిరా నిలబడి ఉంది. చెయ్యి ఎందుకు లేదో ఆమెకు తెలుసు. పావని వైపు చూసింది.

పావని నేల చూసింది.

"ఆ మూలన ముబాషిరా పేరుండె తాతా. కనపడకుండా బొమ్మ పెద్దది చేసినా. చెయ్యి గూడ పోయింది."

"ఎందుకట్ల?" అన్నాడు హరికృష్ణ.

"దాని పేరుంటే నాదేం లేదంటారని."

"కలిపింది నువ్వే," అంది ముబాషిరా. "అది నాకు రాదు. కానీ నేను వారం దినాలు నిలబడినా. లెన్సు మీద దుమ్ము పడకుండా చున్నీ అడ్డం పట్టుకొని."

పావని ఆమె పక్కన కూర్చుంది. "మొత్తం బొమ్మ పెట్టి మళ్లీ కలుపుతా. వాడుకోవచ్చా?"

"సుత్తివి వాడుకో. దగ్గు వద్దు."

"అందరూ నవ్వింది అక్కడే."

"అందుకే వద్దు. రాత్రంతా దగ్గుతాడు ఆయన."

పావని దగ్గు తీసేసింది. తాళంలో అక్కడ ఖాళీ వచ్చింది. గంట పెట్టి చూసింది, రైలు పెట్టి చూసింది. కుదరలేదు. "చప్పుడేమీ లేకుండా పెట్టి చూడు," అంది ముబాషిరా. చీలబోయే రాయి మీద తాత ఎడమ చెయ్యి ఒక్క క్షణం కదలకుండా నిలిచింది. తర్వాత సుత్తి పడింది.

"ఇది నవ్వొచ్చేట్టు లేదు," అంది పావని.

"లేదు," అంది ముబాషిరా. ఇద్దరూ మళ్లీ చూశారు.

చివర పావని మూడు వరుసలు రాసింది. పని: చాంద్ బాషా. వీడియో: ముబాషిరా. కూర్పు: పావని. టీచర్‌కు ఆ రాత్రే పంపింది. మొదటిది ఎందుకు మార్చిందో కూడా రాసింది.

పావని, వాళ్ల నాయన తమ ఇంటికి బయల్దేరేసరికి చాంద్ బాషా మంచం మీద నిద్రపోయి ఉన్నాడు. ముబాషిరా చప్పుడు కాకుండా తలుపు వేసింది.