రెండో చెంచా చక్కెర

"టర్బైన్ నిమిషానికి ఎనిమిది వేలసార్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ అంత వేగంగా తిరిగితే ముక్కలైపోతుంది. అందుకే రెంటి మధ్య గేర్‌బాక్స్. అది కుదిరితేనే మన కొత్త యుద్ధవిమానం లేస్తుంది," అన్నాడు కల్నల్ ఫెన్విక్. "ఆ గేర్ల గుట్టు విదేశానికి చేరుతోంది. రేపటినుంచి నువ్వు కార్ఖానాలో గేర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఆర్నాల్డ్ పెక్‌వి."

"ఎన్నాళ్ళు సార్?"

"దొంగ దొరికేదాకా."

అది 1946 జూన్. ఫిబ్రవరి వచ్చినా దొంగ దొరకలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షా కార్ఖానాలో పెక్ పగలు గేర్లు చూసేవాడు, సాయంత్రం అద్దెగదిలో గోడ చూసేవాడు. ఉత్తరాలు రావు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. క్యాంటీన్‌లో అతని ఎదుట కూర్చునేది టైపిస్టు మ్యూరియల్ త్వైట్ ఒక్కతే. తన రేషన్ చక్కెర నీలం కాగితం సంచిలో తెచ్చి, అతని టీలో రెండు చెంచాలు వేసేది.

"నీ మొహానికి మూడు కావాలి గానీ ప్రభుత్వం ఒప్పుకోదు," అనేది.

ఆ గురువారం ఆమె నాలుగూ పదికి హల్ రేవుకు రైలెక్కాలి. అక్కడ అక్క ఉందట. టీ విరామంలో ఒకే చెంచా వేసి సంచి మూసింది. ఆమె మణికట్టు మీద నీలం మరక.

అలాంటిదే పెక్ వేళ్ళకూ ఉంది. గేర్ పళ్ళకు నీలం రంగు పూసి తిప్పితే అవి ఎక్కడ ఒరుసుకుంటున్నాయో తెలుస్తుంది. ఆ గుర్తును కాగితంపై ఒత్తి దాచడం ఫిట్టర్ల పద్ధతి. సబ్బుకు పోని రంగు. గేర్ల గదిలోకి టైపిస్టులకు ప్రవేశం లేదు.

"ఇంకో చెంచా వెయ్యి," అన్నాడు పెక్.

"చాల్లే. తీపి ఎక్కువైతే నవ్వడం మొదలెడతావు."

"రోజూ రెండు వేస్తావుగా."

ఆమె గడియారం చూసింది. "రైలు పోతుంది, పెక్."

అతను సంచి లాక్కుని బల్లమీద కుమ్మరించాడు.

"నెల రేషనురా పాపిష్టోడా!" అని క్యాంటీన్ ఆవిడ అరిచింది. చక్కెర అడుగునుంచి నలభై కాగితం ముక్కలు జారాయి. అన్నిటి మీదా గేర్ పళ్ళ నీలం గుర్తులే.

కాపలావాళ్ళు ఆమెను పట్టుకునేసరికి స్టేషన్లో రైలు కూసింది.

"నన్నిక్కడ పెట్టింది ఫెన్వికే. అడిగి చూడు," అంది మ్యూరియల్.

అడిగాడు.

"నిజమే," అన్నాడు ఫోన్లో కల్నల్. "నీమీద నిఘాకి పెట్టాం. అటు విదేశానికి కూడా పనిచేస్తోందని ఇప్పుడే తెలిసింది."

"నా గురించి ఏం రాసేది?"

కాగితాలు తిప్పిన చప్పుడు. "ప్రతి వారం ఒకటే. అనుమానించదగ్గది లేదు. మాట్లాడే దిక్కు లేదు. టీలో చక్కెర రెండు చెంచాలు."

ఆ రిపోర్టులో తప్పు ఒక్కటే. అతను టీలో చక్కెర వేసుకోడు. ఆమె వేసేది కాబట్టి తాగేవాడు.