ముపింగ్ గాడి ఆపరేషన్ కాగితం

మా కుక్క ముపింగ్ డాక్టర్ చంచిరా కాలు వాటేసుకున్నప్పుడు నేను నవ్వాను. జీవితంలో నేను చేసిన వెధవ పనుల్లో దానికి పెద్దపీట వేయాలి.

అది జరిగింది మా ఊరు లంపాంగ్ బజారులో, మా అమ్మ లమై నడిపే నూడిల్స్ కొట్టులో. మధ్యాహ్నం రద్దీ. ఎవరో అమ్మాయి ఒక్కతే వచ్చి కూర్చుంది. గిన్నె ఇలా పెట్టానో లేదో, ముపింగ్ బల్ల కింద నుంచి వచ్చి ఆమె పిక్క పట్టుకుని, లోకంలో ఇంకే పనీ లేనట్టు ఊగడం మొదలుపెట్టాడు.

"మీరు నచ్చినట్టున్నారండి వాడికి," అన్నాను. పక్క బల్లల మగవాళ్లంతా పకపకా నవ్వారు.

ఆమె నవ్వలేదు, అరవలేదు. లేచి నిలబడి, వాడి మెడపట్టీ పట్టుకుని విడిపించి నా చేతికిచ్చింది.

"రోజుకి ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదండి."

"నవ్వడం మాత్రం ప్రతిసారీ నవ్వుతారు."

"సరదాకే కదండీ."

"వాడికీ సరదాగానే ఉంది. కాలు పట్టుకుంటే కొట్టంతా తనకేసే చూస్తుందని నేర్చుకున్నాడు. నేర్పింది మీరు. కుక్కకి బుర్ర ఉంది. యజమాని సంగతే తెలియట్లేదు."

గిన్నెలో వెంట్రుక కనబడితే చూసే చూపు చూసి వెళ్లిపోయింది. బజారు వెనక పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరని తర్వాత తెలిసింది. సిగ్గులేని నా మనసు అప్పటికే ఆ చూపుకి పడిపోయింది.

ఆ వారమే ముపింగ్ బడి పంతులమ్మ కాలు పట్టుకున్నాడు. ఆపైన ఏ ఆడకుక్క కోసమో గోడ దూకి, రెండు రోజుల తర్వాత చెవి చిరిగి తిరిగొచ్చాడు. అమ్మ తేల్చేసింది.

"వచ్చే బుద్ధదినానికి వీణ్ణి భిక్షువుల విహారంలో వదిలేసి వస్తా. బియ్యం బస్తా కూడా ఇస్తే పుణ్యం."

"వృషణాలు తీసేసే ఆపరేషన్ ఉందట కదమ్మా. అది చేయిస్తే పోలా?"

"నోర్ముయ్ పురిన్. అలాంటి పాపం చేస్తే వచ్చే జన్మలో నువ్వూ ఏమీ లేకుండా పుడతావు."

నూడిల్స్ తింటున్న మా మామయ్య ఆ మాట వినగానే కాళ్లు దగ్గరకి చేర్చుకున్నాడు. మా ఊరి మగజాతి మొత్తం ఇంతే. తమ మగతనమంతా కుక్క దగ్గర తాకట్టు పెట్టినట్టు, కోత దానికంటే నొప్పి వీళ్లకి. వాళ్లని అంటున్నాను గాని, నేనేమైనా తక్కువ తిన్నానా? మర్నాడు ఆసుపత్రికి మా పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లాను.

చంచిరా ముపింగ్‌ని తిప్పి తిప్పి చూసింది. ఒంట్లో రోగమేమీ లేదంది.

"ఆపరేషన్ చేస్తే గోడలు దూకడం చాలావరకు తగ్గుతుంది. కాళ్లు పట్టుకోవడం కూడా తగ్గచ్చు. పూర్తిగా పోతుందని మాటివ్వను. అందులో సగం అలవాటు, సగం హుషారు పట్టలేక చేసేది. రద్దీ వేళ వెనక కట్టేసి నమలడానికేదైనా ఇవ్వండి. పట్టుకోబోతున్నాడని తెలియగానే పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టండి. కూర్చున్నాకే ముక్క పెట్టండి. ముఖ్యంగా మీరు నవ్వకండి."

"అయితే ఆపరేషన్‌కి తొందరేం లేదా?"

"మీకు లేదేమో. రోడ్డు మీద లారీలకి ఉంటుంది."

ఒప్పుకోలు కాగితం ముందు పెట్టింది. నేను పెన్ను పిన్ని వైపు జరిపాను. "నువ్వు పెట్టు పిన్నీ."

చంచిరా ఒక ఫైలు తీసి నా ముందు పడేసింది. "చూడండి. వచ్చినప్పటి నుంచి ముప్పై ఒక్క మగకుక్కలకి చేశాను. సంతకాలన్నీ ఆడవాళ్లవే. మొగుళ్లు బయట మోటార్‌సైకిళ్ల మీద కూర్చుంటారు. సంతకం పెట్టినవాళ్లకే పాపం చుట్టుకుంటుందట కదా. వచ్చే జన్మలో పెళ్లాం ఏమైపోయినా ఫర్లేదు. మీకు పెళ్లాం కూడా లేక పిన్నిని తెచ్చుకున్నారు."

"ఆవిడకి వయసైపోయింది కదండీ..."

అన్నాక పిన్ని మొహం చూడలేకపోయాను. చంచిరా కాగితం మడిచి నా జేబులో పెట్టింది. "మీరు పెడతానంటే రండి. లేకపోతే నూడిల్స్ అమ్ముకోండి."

చెప్పినట్టే చేశాను. నాలుగు రోజులకి ముపింగ్ కాళ్ల దాకా వెళ్లి, నా పిలుపు విని, వెనక్కొచ్చి కూర్చోవడం నేర్చుకున్నాడు. గోడ మాత్రం మళ్లీ దూకాడు. ఈసారి కుంటుతూ వచ్చాడు. కాగితం జేబులోనే ఉంది. నాకు ధైర్యమే లేదు.

బుద్ధదినం రానే వచ్చింది. అమ్మ బియ్యం పట్టుకుంది, నేను ముపింగ్‌ని పట్టుకున్నాను. విహారం మండపంలోకి వెళ్లేసరికి బల్ల మీద తెల్లగుడ్డ, పక్కన మత్తుమందు, చేతి తొడుగులతో చంచిరా. ఆపరేషన్ అయిపోయిన విహారం కుక్కలు వరసగా పడుకుని ఉన్నాయి.

"స్వామీ, ఇక్కడ కూడానా ఈ పాపం?" అంది అమ్మ.

పెద్ద భిక్షువు ముపింగ్‌ని చూశారు. "వదలడానికి తెచ్చావా లమై?"

"పుణ్యం కదా స్వామీ. మీ అన్నం తిని బతుకుతాడు."

"పోయిన వానాకాలం ఎవరో పదకొండు కుక్కపిల్లల్ని గోనెసంచిలో పెట్టి గేటు దగ్గర వదిలిపోయారు. తెల్లారేసరికి మూడు మిగిలాయి. వాళ్లూ పుణ్యమనే అనుకుని ఉంటారు."

అమ్మ తల దించుకుంది. రేకుల మీద వాన మొదలైంది.

"సరే, వదిలెయ్," అన్నారు భిక్షువు. "ఇక్కడి కుక్కయితే సంతకం నేను పెడతాను. మీకు ఏ పాపమూ అంటదు."

చంచిరా నా వైపు చూసింది, అంతే. తాడు ఆయన చేతికిస్తే నా వచ్చే జన్మ భద్రం. ముపింగ్ నా కాలికి ఒళ్లానించి కూర్చున్నాడు. వీడు లేని ఇల్లు తలుచుకుని తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను.

జేబులోంచి కాగితం తీశాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఒరేయ్, వచ్చే జన్మరా."

"అప్పుడేం పోతుందో పోనీ అమ్మా. ఈ జన్మలో వీడు మనింటివాడు."

సంతకం పెట్టాను. చంచిరా కాగితం చూసింది. "అక్షరాలు వణికాయి."

"వణికినా నాదే కదండీ."

అంతవరకు మగాడిలానే ఉన్నాను. ఆమె ముపింగ్‌ని బల్లెక్కించి, వాడి బొచ్చు గీకడానికి కత్తి తీసింది. తర్వాత నాకు తెలిసింది మండపం కప్పే. నేను నేల మీద ఉన్నాను. చంచిరా నా మొహాన నీళ్లు చల్లుతోంది. బల్ల మీద ముపింగ్ తాపీగా నన్ను చూస్తున్నాడు.

"ఇంకా ఏమీ చేయలేదు. కోసేది మిమ్మల్ని కాదు, లేవండి," అంది.

విసనకర్రతో నాకు విసురుతున్న అమ్మ ఉన్నట్టుండి ఆమెని అడిగింది. "అమ్మాయ్, ఇన్ని కుక్కల్ని కోశావు. అంత పాపం ఒక్కదానివే ఎలా మోస్తావు?"

"అలవాటైపోయిందండి." ఆ మాట మాత్రం వెటకారంగా రాలేదు.

పడుకునే అడిగాను. "కలిసి పుణ్యం చేసినవాళ్లు వచ్చే జన్మలో కలుస్తారంటారు. కలిసి పాపం చేసినా కలుస్తారా?"

"కలుస్తారు. నరకంలో."

"అంతవరకు ఆగలేనండి. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడే, ఇక్కడే."

భిక్షువు వాన చూడ్డానికన్నట్టు అటు తిరిగారు. అమ్మ విసనకర్ర పడేసి, కాగితం లాక్కుని నా సంతకం కింద తన పేరు గీకేసింది. "సగం నాది. వీడొక్కడే అలా ఏమీ లేకుండా పుడితే ఎవరు చూస్తారు?"

తర్వాత పెన్ను చంచిరా ముందు పెట్టింది. "నువ్వూ పెట్టు తల్లీ. కత్తి చూస్తేనే పడిపోయేవాడు, నరకానికి ఒంటరిగా ఏం వెళతాడు?"

చంచిరా చెవులు ఎర్రబడ్డాయి. తొడుగులు విప్పి, పెన్ను తీసుకుని, నా పేరు పక్కనే తన పేరు రాసింది.