ప్రెస్సు సందులో చెంపదెబ్బ

చీకటి పడ్డాక ప్రెస్సు సందులోకి ఎవరూ వెళ్లరు. వెళ్లినవాళ్లు చెంప వాచి బయటికొస్తారు. మా పేట పిల్లలకి ఈ రెండు ముక్కలూ అక్షరాల కంటే ముందే వచ్చేస్తాయి.

సందుకి ఒక పక్క గోడౌను గోడ, ఇంకో పక్క ఎప్పుడో మూతపడిన ప్రింటింగు ప్రెస్సు. ఆ ప్రెస్సులో ఒక ఫోర్‌మన్ ఉండేవాడట. అచ్చుతప్పు కంటపడిందా... అక్షరాలు పేర్చే కంపోజిటర్ చెంప ఛెళ్లుమనాల్సిందే. ప్రెస్సు మూసేశాక కూడా మమకారం చావక, రోజూ రాత్రి వచ్చి తాళం లాగి చూసుకుని పోయేవాడు.

ఒకనాడు తెల్లారేసరికి ఆ సందులోనే పడి ఉన్నాడు. మొహమంతా వాచిపోయింది. ప్రాణం లేదు. చేతిలో టార్చి మాత్రం ఇంకా వెలుగుతూనే ఉందట!

దెయ్యం కొట్టిందన్నారు. మరి అప్పటికి ఆ సందులో ఉన్న దెయ్యం ఎవరిదని ఒక్కరూ అడగలేదు. అడిగితే కథ చెడిపోదూ!

అప్పట్నుంచి కొట్టే పని ఫోర్‌మన్ అందుకున్నాడు. ప్రెస్సు లోపల మిషను తిరుగుతున్నట్టు సన్నగా ఒక జుమ్మనే చప్పుడు... టార్చి వేసుకుని భయంభయంగా సందు మధ్యకి వచ్చేసరికి — చెంప మీదో, చెయ్యి మీదో ఫెడీమని ఒకటి. ఆ వెంటనే నిప్పు పెట్టినట్టు మంట. వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఎవరికుంది? పంచె ఎగ్గట్టి పరుగే.

అంతవరకే అయితే సర్దుకుపోయేవాళ్లం. కానీ ఫోర్‌మన్ తప్పు లేనిదే కొట్టడని పేరు కదా! అంటే దెబ్బ తిన్నవాడు ఏదో తప్పు చేసినట్టే. టైలరు చెంప వాస్తే వాళ్లావిడ "నొప్పిగా ఉందా" అనలేదు. "ఏం చేశావ్?" అంది. ఆ చూపు తట్టుకోలేక, అత్తగారి జాకెట్లు కావాలనే బిగుతుగా కుడుతున్నానని ఒప్పేసుకున్నాడు పాపం. లెక్కల మాష్టారు మండువేసవిలో మఫ్లరు చుట్టుకుని బడికెళ్లాడు.

డాక్టరు దగ్గరికి ఒక్కడు పోతే ఒట్టు. గుట్టుగా ఇంట్లోనే ఒకడు టూత్‌పేస్టు పూసుకుంటే ఇంకొకడు కిరోసిన్ రుద్దుకునేవాడు. పరువు కంటే చర్మం ఎక్కువా?

పేట మొత్తం మీద దెబ్బ తిననివాడు తూలుడు మేస్త్రి ఒక్కడే. పొద్దంతా తాపీ పని చేసి, సాయంత్రం గొంతు తడుపుకుని, రోజూ ఆ సందులోంచే పాడుకుంటూ ఇంటికి పోయేవాడు. తాగుబోతుని దెయ్యం కూడా లెక్కచెయ్యదని అందరం తేల్చేశాం.

ఇక మా మావయ్య సంగతి. ఇది అత్తయ్య చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను. మావయ్య చెప్తే తెల్లారిపోతుంది.

మావయ్యది వాచీలు బాగుచేసే షాపు. కరెంటు పోయినా పని ఆగకుండా, నుదుటికి పట్టీతో ఒక లైటు కట్టుకుంటాడు. అది ఎంత అలవాటంటే, దాన్ని నెత్తిన పెట్టుకునే దానికోసం షాపంతా వెతుకుతాడు. షాపు మూశాక క్యారమ్స్ బల్ల దగ్గర కూలబడితే ఇక ఇల్లు గుర్తు రాదు. ఊరందరి వాచీలకీ టైము చెప్పే మనిషికి ఇంటికెళ్లే టైము తెలియదని అత్తయ్య రోజూ దెప్పుతూనే ఉంటుంది.

ఆ రాత్రి మరీ ఆలస్యమైంది. చుట్టూ తిరిగి పోతే ఇంకా ఆలస్యం. పోనీ సందులోంచి పోదామా అంటే, అంతకుముందు ఒకసారి చెవి మీద పడిన దెబ్బ ఇంకా గుర్తుంది. అప్పుడు గోడగడియారం మీద పడిందని ఇంట్లో బొంకాడు.

సందు మొదట్లో నిలబడ్డాడు. ఎదురుగా దారంతా తెల్లగా కనబడుతోంది. ఆహా, వెన్నెల అనుకున్నాడట! తల ఎటు తిప్పితే వెన్నెల అటే తిరుగుతోందని ఆ మహానుభావుడికి తట్టలేదు.

నడిచాడు... జుమ్మ్ — మొదలైంది.

ఇంకొంచెం నడిచాడు. అప్పుడు... చెవి దగ్గర, పొడిగా, ఒక ముసలి గొంతు.

"ఆర్పు..."

మావయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

"ఆర్పవయ్యా..."

"ఏం ఆర్పాలండీ? నా దగ్గర ఏమీ లేదండీ!" అన్నాడట, ఏడుపు గొంతుతో.

ఫెడీ! కనుబొమ్మ పక్కన ఒకటి. చెంప మీద ఇంకొకటి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య తలుపు తీసింది. మావయ్య రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "పన్ను నొప్పే... పడుకుంటా" అన్నాడు. లైటు మాత్రం రుమాలు పైనుంచి వెలుగుతోంది.

"పన్ను నొప్పికి పెదాలు ఇంతలావు అవుతాయా? చేతుల మీద ఆ దద్దుర్లేంటి?"

"ఏం లేదే..." గొంతు గీరుకుపోతోంది. "గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది."

"ప్రెస్సు సందులోంచి వచ్చారా?"

మావయ్య రుమాలు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. కాసేపటికి ఊపిరి పిల్లిలా కూయడం మొదలైంది.

"ఆస్పత్రికొద్దే. పేటంతా తెలిసిపోద్ది. ఏం తప్పు చేశాడో అంటారు..."

ఇక్కడికి వచ్చేసరికి అత్తయ్య ఇప్పటికీ కథ ఆపి, మావయ్య వైపు ఒకసారి చూసుకుంటుంది. మనిషి చేతుల్లోంచి జారిపోతున్నాడని భయపడిపోయిందట.

"తప్పు సంగతి పొద్దున చూద్దాం. ముందు మీరు ఊపిరి పీల్చండి!" అని రెక్క పట్టుకుని లాక్కెళ్లి, పక్కింటి ఆటో అతన్ని లేపి ఎక్కించింది.

ఆటోలో మావయ్యకి చావు భయం పట్టుకుంది. అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నిజం చెప్పేస్తానే... రోజూ పొద్దున షాపుకెళ్లేముందు ఇంట్లో గడియారం... అరగంట వెనక్కి తిప్పుతున్నా. లేటుగా వచ్చినా నీకు తెలియకుండా..."

"తెలుసు. మీరు అటు వెళ్లగానే నేను మళ్లీ ముందుకి తిప్పుతున్నాను."

"అయ్యో!" ఆ ఊపిరాడని స్థితిలోనూ మావయ్యకి ప్రాణం ఉసూరుమంది. "అందుకా... ఇన్నేళ్లుగా ఒక్కరోజు కూడా... తిట్లు తప్పలేదు!"

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చూసీ చూడగానే తొడకి ఇంజెక్షనిచ్చి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది. కాసేపటికి ఆ కూత తగ్గింది. పెదాలు మెల్లగా మనుషుల పెదాల్లా మారసాగాయి. అత్తయ్య అప్పుడు కూర్చుని, ప్రెస్సు సందు దెయ్యం దగ్గర్నుంచి పేటవాళ్ల టూత్‌పేస్టు వైద్యం దాకా అంతా చెప్పి ఏడ్చింది.

"ముందు ఆ లైటు ఆర్పండి, నా కళ్లలో కొడుతోంది" అని డాక్టరమ్మ తనే పట్టీ విప్పింది. పట్టీ మడతలోంచి ఏదో టప్పున మంచం మీద పడింది.

బొటనవేలంత కందిరీగ!

"ఇదా మీ దెయ్యం?" అంది డాక్టరమ్మ. "ఈ రకానివి రాత్రిపూట వెలుతురు మీదికొస్తాయి. మీరేమో నడినెత్తిన దీపం పెట్టుకుని వాటి ఇంటి ముందు నడిచారు. ఒకసారి కుట్టించుకున్న ఒళ్లు రెండోసారికి ఇలా తిరగబడొచ్చు. మామూలుగా అయితే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెడితే చాలు. పెదాలు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా — పరువు, టూత్‌పేస్టు రెండూ పక్కన పెట్టి పరిగెత్తుకు రావాలి. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదమ్మా."

"అయితే ఇక చీకట్లో నడవమంటారా?" అంది అత్తయ్య.

"చీకట్లో పాములుంటాయి. తుట్టె తీయించండి. అందాకా చుట్టూ తిరిగి పోండి."

తీయించాం. ఒళ్లంతా కప్పే తొడుగులు వేసుకుని పనివాళ్లు వచ్చారు. ప్రెస్సు పైకప్పు కింద వంటగిన్నెంత తుట్టె. జుమ్మనే మిషను చప్పుడు ఆ పూటతో ఆగిపోయింది. టైలరు వాళ్లావిడ మాత్రం జాకెట్ల సంగతి మర్చిపోలేదు.

కొన్నాళ్లకి ఓ సాయంత్రం, చీకటి పడుతుండగా, మావయ్యా అత్తయ్యా షాపు మూసి ఆ సందులోంచే బయల్దేరారు. సందు మొదట్లో తూలుడు మేస్త్రి ఎదురయ్యాడు.

"నీ అదృష్టం మేస్త్రీ!" అన్నాడు మావయ్య. "టార్చి లేకుండా తిరిగావు కాబట్టి బతికిపోయావ్."

"లేకపోవడమేంటి బాబూ? ఫోనులో లైటుందిగా. సందులోకి రాగానే ఆర్పేసేవాణ్ని."

"ఎందుకని?"

మేస్త్రి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆయన చెప్తాడుగా... 'ఆర్పవయ్యా, నేనూ దీపం పట్టుకునే పోయాను' అని. పాపం, అందరికీ చెప్తాడు. మీరే వినరు."

మావయ్య చెయ్యి మెల్లగా నుదుటి మీదికి పోయింది. పట్టీ అక్కడే ఉంది. లైటు వెలుగుతూనే ఉంది... గబుక్కున ఆర్పేశాడు.

చీకట్లో, బాగా దగ్గరగా, ఎవరో నిట్టూర్చారు.

"అమ్మయ్య... ఒక్క తప్పైనా దిద్దుకున్నాడు."

అత్తయ్య కూడా విన్నది. అది మేస్త్రి గొంతు కాదు.