షేవింగ్ బ్రష్, గ్లాసెడు పాలు

ఆదినారాయణను చంపిన ఆయుధం ఆయన షేవింగ్ బ్రష్. ఆ సంగతి బయటపడేసరికి పెన్న ఒడ్డున ఆయన చితి కూడా చల్లారిపోయింది.

1961 జూన్ నెల. జమ్మలమడుగు ట్రావెలర్స్ బంగళాలో దిగిన ఆ వ్యవసాయ శాస్త్రవేత్తకు గడ్డం కింద నల్లటి పొక్కు లేచింది. నొప్పి లేదు కనుక ఆయన దాన్ని పట్టించుకోలేదు. జ్వరం వచ్చింది, మెడ వాచింది, ప్రాణం పోయింది. గొడ్లకూ గొర్రెలకూ వచ్చే దొమ్మ రోగం ఒక పెద్దమనిషి గడ్డానికి ఎట్లా అంటుకుందో ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు.

హైదరాబాదులో, బయట బోర్డు లేని ఒక లాబ్‌లో, డాక్టర్ షంషుద్దీన్‌కు అంతుపట్టింది. సీక్రెట్ సర్వీస్‌కు సైన్స్ చెప్పే మనిషి ఆయన. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ అలీ అహ్మద్‌కు బ్రష్ ఫోటో చూపించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

కంటికి కనిపించని ప్రాణులన్నీ చేసేది ఒకటే పనట, తినడం, తిన్నదాన్ని ఇంకోటిగా మార్చి వదలడం. పాలలో ఉండేది తీపి తిని పులుపు వదులుతుంది, మనం పెరుగన్నం తింటాం. వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండేది గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువుగా ఇస్తుంది. ఆదినారాయణ విత్తనాలకు పట్టించడానికి తయారుచేసిన పొడిలో ఉన్నది అదే. దొమ్మ రోగపు ప్రాణి, ఆంత్రాక్స్, మాత్రం మన నెత్తురులో తిని, మన నెత్తురులోకే విషం వదులుతుంది.

ఆ పొడి పేరుతో నకలు డబ్బాలు పులివెందులలో ఉచితంగా పంచబోతున్నాడు హాల్టన్ అనే విదేశీయుడు. పైకి రైతుల సేవాసంస్థ, లోపల గూఢచారి ముఠా. డబ్బాల్లో దొమ్మ బీజాలు. రైతులు ఆ పొడిని బెల్లం నీళ్లలో కలిపి చేతులతోనే విత్తనాలకు పట్టిస్తారు. కాయలు వొలిచి వొలిచి ఆడవాళ్ల వేళ్లు అప్పటికే పగిలి ఉంటాయి. ఒక్క పంటకారు అట్లా గడిచిందంటే మళ్లీ సీమలో విత్తనం ముట్టేవాడుండడు.

“హాల్టన్ సెక్రటరీ ఖమ్రున్నీసా మన మనిషి,” అన్నాడు షంషుద్దీన్. “కానీ ఆదినారాయణకు ఆ బ్రష్ అందింది ఆమె చేతుల మీదుగానే. ఇప్పుడు ఆమె ఎవరి మనిషో నాకు తెలియదు.”

“నాకు తెలుసు,” అన్నాడు అలీ.

తెలియక ఏం? ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ పొందారు. ఈ మిషన్ ముగిశాక నిఖా అని మాట కూడా అనుకున్నారు. అయినా డాక్టర్ ఒక పరీక్ష నేర్పి పంపాడు. అనుమానం వచ్చిన వస్తువును పాలలో వేసి బాగా మరిగించాలి. మామూలు సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, దొమ్మ బీజం చావదు. మూత పెట్టి తెల్లారి చూడాలి. పాలు పాలలాగే ఉంటే మంచిది. గడ్డకడితే విషం. వాసన చూడకూడదు, ముట్టుకోకూడదు.

ప్రొద్దుటూరులో అలీ అహ్మద్ సలీం అయ్యాడు, అత్తరు అమ్ముకునే సలీం. అత్తరు పెట్టె అడుగున దొంగ అర, అందులో రివాల్వర్. బిస్మిల్లా బీ అనే ముసలామె ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆమెకు పిల్లల్లేరు, అద్దెకుండేవాళ్లను సాకడమే ఆమె పని.

మూడోరోజు ఇంటి ముందు జీపు ఆగింది. జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో ఖమ్రున్నీసా దిగింది. వీధి వీధంతా పని మానుకుని చూసింది. జీపులోంచి హాల్టన్ కూడా అలీని అనుమానంగా చూస్తున్నాడు.

మొగలి అత్తరు ఉందా అని అడిగింది. మొగలి అయిపోయింది, మల్లె ఉందన్నాడు. కోడ్ సరిపోయింది. దొర బహుమతి అంటూ ఆమె ఒక చిన్న డబ్బా చేతిలో పెట్టింది. లోపల షేవింగ్ బ్రష్. అలీ వెంటనే మూత పెట్టేశాడు.

ఆమె సీసా వాసన చూస్తున్నట్టు తల వంచింది. “రేపు మధ్యాన్నం పులివెందుల గోడౌన్. వెనక వాకిలి కాడ ఉండు. చెడ్డ డబ్బాలు నేను ఆడికే తెస్తా. ఆదినారాయణకు ఇచ్చేటప్పుడు నాకు తెలీలేదు. దీనికి భయపడొద్దు, నేను మార్చినా. నన్ను నమ్ము.”

నమ్మాలనే ఉంది. నమ్మకపోతే అతనికి మిగిలేదేముంది? అయినా సాయంత్రం బ్రష్ వెంట్రుకలు నాలుగు కత్తిరించి పాలలో వేసి మరిగించాడు. వెంట్రుకలు తీసేసి, గ్లాసులో పోసి, మూత పెట్టి కిటికీలో ఉంచాడు. పోలీసులకు కబురు చెప్పడానికి బజారుకు వెళ్లి, వచ్చి పడుకున్నాడు.

తెల్లారి మొహం కడుక్కొని వచ్చి మూత తీశాడు. పాలు గడ్డకట్టాయి. ఒక పక్క గుంట పడింది కూడా.

అలీ అహ్మద్ తుపాకీ గుండ్లు తిన్నవాడు. ఆ గ్లాసును మాత్రం రెండోసారి చూడలేకపోయాడు. మంచం మీద కూలబడి, నిఖాకు ఆమె అడిగిన ఆకుపచ్చ చీర గుర్తొచ్చి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు. తర్వాత గ్లాసులో ఫినాయిల్ పోసి పెరట్లో పూడ్చాడు. బ్రష్‌ను కాల్చేశాడు. వెనక వాకిలి ఉచ్చు అని నిర్ణయించుకున్నాడు.

మధ్యాహ్నం పులివెందుల గోడౌన్ ముందు రైతులు బారులు తీరారు. అలీ మఫ్టీ పోలీసులందరినీ ముందు వైపే నిలబెట్టాడు. మొదటి డబ్బా రైతు చేతికి అందబోతుండగా పట్టుకున్నాడు. మూత మీద ఆదినారాయణ సొంత సీలు చెక్కుచెదరకుండా ఉంది. రెండోదీ అంతే. ముందు వరుసలో ఉన్నవన్నీ అసలు డబ్బాలే, ఎవరో మార్చేశారు. హాల్టన్ మాత్రం అక్కడ లేడు.

వెనక వైపు నుంచి తుపాకీ పేలింది.

అలీ పరుగెత్తాడు. వెనక వాకిలి బయట ఊరు నీళ్లు తాగే బావి. చెడ్డ డబ్బాలున్న ఇనుప పెట్టెను హాల్టన్ బావి ఒర గోడ మీదికి ఎత్తుతున్నాడు. పెట్టె రెండో పిడిని ఖమ్రున్నీసా రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. చీరంతా నెత్తురు. పెట్టె ఒర మీద సగానికి పైగా వాలింది. అలీ రివాల్వర్ పేలింది. హాల్టన్ వెనక్కి పడి మళ్లీ లేవలేదు, పెట్టె ఇటువైపు నేల మీద పడింది. దాని మూత ఊడలేదు.

అలీ ఆమెను ఒళ్లోకి తీసుకున్నాడు. నల్ల కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి.

“వెనక వాకిలి కాడ ఉండమంటి గదా,” అంది. ఆ మాటలో కోపం లేదు.  అతని ఒళ్లోనే పోయింది.

ఆమెను జమ్మలమడుగులో, వాళ్ల అమ్మ పక్కన ఖననం చేశారు. మట్టి వేస్తున్నప్పుడు కూడా అలీ తనకు తాను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాడు. మొదట శత్రువు మనిషే, నన్ను చంపాలనే చూసింది, చివర్లో మనసు మారింది. అది నిజమైతే చాలు, అతను బతకగలడు.

మర్నాడు సామాను తీసుకోవడానికి ప్రొద్దుటూరు వచ్చాడు. ఎంగిలి పడి రెండు రోజులైందని మొహం చూసి పసిగట్టింది బిస్మిల్లా బీ. పెరుగన్నం కలిపి ముందు పెట్టి, కాస్త నిష్ఠూరమాడింది.

“మొన్న ఆ గ్లాసుడు పెరుగు యాడ పారబోస్తివి బేటా? కిటికీలో ఎచ్చని పాలు తోడెయ్యకుండా మర్చిపోయినావని, ఇంట్లో ఉండే మజ్జిగ చుక్కంతా దాంట్లోనే ఏస్తి. తెల్లారి మా పాలకు తోడు లేక, నీ గ్లాసులోదే ఒక చెంచా తీసుకుంటి. నిన్న అదే తింటిమి, ఈ పొద్దూ అదే. పెరుగు శానా కమ్మగా ఉండాది.”

అలీ చెయ్యి కంచంలో ఆగిపోయింది. సొంతూరు వల్లూరులో తన అమ్మ పొద్దుగూకాక చేసే ఆఖరి పని కూడా అదే. ఎవరింట్లో పాలు చూసినా, అడక్కుండానే ఒక చుక్క మజ్జిగ. తెలియని వాడు కాదు తను.

“మీకేం కాలేదా?” అన్నాడు. 

“పెరుగు తింటే ఏమైతాది నాయనా?”

ఏమీ కాదు. మంచి బ్రష్ మరిగించిన పాలవి. ఖమ్రున్నీసా చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆమె వెనక వాకిలి తీసుకుని, అతను ఉన్నాడనే బయటికి వచ్చింది.

అతను కంచంలో ఉన్నదంతా తిన్నాడు. ఒక్క మెతుకు వదల్లేదు. కళ్లనీళ్లు అన్నంలో పడుతుంటే ఉప్పు తక్కువైందేమోనని బిస్మిల్లా బీ ఉప్పు తెచ్చి పెట్టింది.

సాయంత్రం హైదరాబాదుకు ఫోన్ చేశాడు. హాల్టన్ ప్లాన్ ఫెయిలయింది, బావి భద్రం, డబ్బాలు స్వాధీనం. షంషుద్దీన్ అభినందించి, తన పరీక్ష పనిచేసిందా అని ఆత్రంగా అడిగాడు. పరీక్ష బాగానే ఉంది సార్ అన్నాడు అలీ అహ్మద్, కాకపోతే ప్రొద్దుటూరులో పాలను రాత్రంతా ఒంటరిగా వదిలెయ్యరు, ఆ ముక్క మీ మాన్యువల్‌లో రాయించండి.