చేప గుర్తు మేస్త్రీ

కొండమీది కోట గురించి నాకు తెలిసినంత ఆ కోటకే తెలియదు! అందుకే మా మనవరాలు బుడంకాయ ఆ కోటలోనే తన క్లాసుకి చరిత్ర చెప్పాల్సి వస్తే, దగ్గర కూర్చుని నేర్పింది నేనే. బాగా చెబితే పిల్లలు ఓటేస్తారు. ఏడాదంతా గైడ్ బ్యాడ్జి తనదే.

ఆ రోజు నేనూ తోకలా వెంటపడి వెళ్లి, ఒక మెట్టు మీద కూలబడ్డాను. పెద్ద గోడ దగ్గర బుడంకాయ గొంతు ఖంగుమంటోంది.

"రాళ్ల మీద గుర్తులు చూశారా? చేప, నిచ్చెన, నెలవంక! ఒక్కో గుర్తు ఒక్కో సైనికుడిది. ఎన్ని గుర్తులుంటే అంతమంది శత్రువుల్ని చంపినట్టు!"

మొదటి జట్టు నోళ్లు తెరిచింది. తెరిచిన నోళ్లతోనే బావి చూడడానికి కిందికి దిగిపోయింది.

రెండో జట్టుకీ అదే చెబుతోంది. పక్కనే, కూలిన గోడ కోసం రాళ్లు చెక్కుతున్న మేస్త్రీ ఉలి ఆపాడు.

"అమ్మడూ, ఆ లెక్కన నేను పొద్దుట్నించీ ముగ్గుర్ని చంపేశానన్నమాట!"

అతను చెక్కిన మూడు రాళ్ల మీదా చిన్న గొడుగు గుర్తుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. బుడంకాయ చెవులు ఎర్రబడ్డాయి.

"మా తాతే చెప్పాడు!"

అందరూ నావైపు తిరిగారు. నేను మబ్బుల్ని చూస్తున్నాను.

"తాతలు చెబుతార్లే," అన్నాడు మేస్త్రీ. "ఇది రాయి చెక్కినవాడి గుర్తమ్మా. రేపు రాయి కదిలితే ఎవడి చేతిదో తెలియాలిగా? వాణ్ణే పిలిచి సరిచేయిస్తారు."

నాకంతా తెలుసని కోశాను చూడండి, ఆ కోతని ఇక్కడే మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. ఆ గుర్తుల్ని చిన్నప్పట్నించీ చూస్తున్నాను. ఎవర్నీ అడగలేదు. కథ అల్లేశాను.

బుడంకాయ బావివైపు చూసింది.

"టీచర్, వాళ్లకి తప్పు చెప్పేశాను. వెళ్లి సరిచేసొస్తా."

"తప్పు చెప్పానని నువ్వే చాటుకుంటే ఓట్లు పోతాయేమోనే!" అంది టీచర్.

"పోనీండి. కదిలింది నా రాయే కదా!"

ఒక్క ఉరుకున మెట్లు దిగింది.

"అంటే నువ్వు చెప్పినవన్నీ కోతలా?" అన్నాడు బావి దగ్గర ఒక గడుగ్గాయి.

"కోతలే. రండి, అసలు సంగతి చూపిస్తా."

రెండు జట్లూ కలిసి గుర్తుల వేట మొదలెట్టాయి. కింది గుమ్మం దగ్గర ఒక చేప దొరికింది. మధ్య బురుజులో ఏడు. చివరికి కొండ కొసన, నగరమంతా కాళ్ల కింద పరుచుకున్నచోట, ఇంకొకటి!

బుడంకాయ ఆ చేపని వేలితో తడిమింది.

"కింది చేప వంకరటింకర. ఇదేమో ఈదుకుంటూ పోయేలా ఉంది. కింద పని నేర్చుకుని, ఇక్కడికొచ్చేసరికి పెద్ద మేస్త్రీ అయ్యుంటాడు!"

"ముప్పై ఏళ్లుగా ఈ గోడల్నే పట్టుకుని వేలాడుతున్నా. నాకు తట్టలేదే!" అన్నాడు నా వెనకే ఎక్కొచ్చిన మేస్త్రీ.

"ఇంతకీ ఆయన పేరేంటి?" అడిగాడు గడుగ్గాయి.

బుడంకాయ నోరు తెరిచింది. నావైపు ఓసారి చూసింది.

"తెలీదు," అంది గట్టిగా. "ఎవరికి తెలుసో కనుక్కుని చెబుతా."

ఓటుకి చేతులన్నీ లేచాయి. టీచర్ బ్యాడ్జి గుచ్చుతుంటే పిల్లలు వేసిన కేకకి కింద నగరంలో బస్సులన్నీ ఠక్కున ఆగిపోయాయి.

సరే, బస్సుల ముక్క నేను కల్పించిందే. ఆగింది పిల్లల స్కూలు బస్సొక్కటే. అదీ పొద్దుట్నించీ ఆగే ఉంది.